ఓరి అండ్ ది బ్లైండ్ ఫారెస్ట్ అనే వీడియో గేమ్ నిజంగా అంత బాగుంటుందా? ప్లాట్‌ఫార్మ్ ఆటలు అలవాటు లేనివాళ్లు ఆడగలరా?

మీరు అడిగినవి మూడు. బొమ్మల్లో కనిపించేంత అందం ఆడేటప్పుడు కూడా ఉంటుందా, గెంతే ఆటలు పెద్దగా అలవాటు లేనివాళ్లు దీన్ని పూర్తి చేయగలరా, మొదటి భాగంతో మొదలుపెట్టాలా లేక నేరుగా రెండోదానికి వెళ్లిపోవచ్చా. నేను రెండు భాగాలూ పూర్తి చేశాను, మొదటిదైతే మళ్లీ ఆడాను కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. కథలో మలుపులు వీలైనంతవరకు బయటపెట్టను.

స్క్రీన్‌షాట్లు చూసి, అడవిలో హాయిగా తిరుగుతూ సేదతీరే ఆట అనుకుని కొనేవాళ్లు ఉంటారు. వాళ్లకు మొదటి అరగంట బాగానే గడుస్తుంది. ఆ తర్వాత టెన్షన్ మొదలవుతుంది. ఇది చూపుకు మెత్తన, చేతికి గట్టి. గెంతు కాస్త అటూ ఇటూ అయితే ముళ్ల మీద పడతారు, ఆట మొదట్లో రెండు మూడు దెబ్బలకే ప్రాణం పోతుంది. పైగా ఎన్నిసార్లు చచ్చామో లెక్క రాసిపెట్టి మరీ చూపిస్తుంది, అదొక అవమానం. ఈ సంగతి తెలిసి మొదలుపెట్టినవాళ్లకు ఆట బాగా నచ్చుతుంది. తెలియనివాళ్లు మధ్యలో వదిలేస్తారు. నేను చూసినంతలో వదిలేసినవాళ్లెవరూ ఇది చెత్త ఆట అనలేదు. మేం అనుకున్న ఆట ఇది కాదన్నారు.

ఇక అందం సంగతి. దాని గురించి మీరు విన్నదంతా నిజమే. 2015 మార్చిలో ఎక్స్‌బాక్స్ వన్, విండోస్‌ల మీద వచ్చింది. చేసింది మూన్ స్టూడియోస్. ఒకే ఆఫీసులో కూర్చుని కాకుండా, రకరకాల దేశాల నుంచి ఎవరి చోట వాళ్లు పనిచేసిన జట్టు అది. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఆర్ట్ డైరెక్షన్ అవార్డు దీనికే వచ్చింది. ఇన్నేళ్లయినా బొమ్మ పాతబడలేదంటే కారణం, నిజంలా కనిపించాలన్న తాపత్రయం ఇందులో లేకపోవడమే. అంతా రంగులేసిన చిత్రంలా ఉంటుంది. ముందు నల్లటి ఆకులు, కొమ్మల నీడలు, మధ్యలో మీరు నడిచే దారి, వెనక పొగమంచులో కలిసిపోయే మానులు. మీరు కదిలినప్పుడు ఈ పొరలు ఒక్కోటి ఒక్కో వేగంతో జరుగుతాయి. బొమ్మలో చూస్తే ఇది తెలియదు, ఆడుతుంటేనే తెలుస్తుంది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: బొమ్మల్లో కంటే కదలికలో ఇంకా బాగుంటుంది.

ప్రకృతి ఇందులో తెర వెనక అలంకారంగా ఆగిపోలేదు, ఆటలోకే వచ్చింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నిబెల్ అనే అడవి చచ్చిపోతూ ఉంటుంది. నీరు, గాలి, వెచ్చదనం అనే మూడు శక్తుల్ని తిరిగి నిలబెట్టడం, మీరు ఆడించే ఓరి అనే చిన్న ప్రాణి పని. నీటి శక్తి తిరిగొచ్చేదాకా అడవిలోని నీళ్లు విషం, దిగితే ప్రాణం తగ్గుతుంది. గిన్సో చెట్టులో పని పూర్తయ్యాక అవే నీళ్లు తేటపడతాయి, ఈదొచ్చు. అంతకుముందు భయపడి పక్కనుంచి గెంతుకుంటూ వెళ్లిన మడుగు అడుగున ఏదో మెరుస్తూ కనిపిస్తుంది, దిగి తెచ్చుకుంటారు. గాలి తిరిగొచ్చాక పైకి ఎగదన్నే గాలి తెరలు పుడతాయి, ఈక పట్టుకుని వాటి మీద తేలిపోవచ్చు. అడవి కోలుకుందని ఎవరో వచ్చి చెప్పనక్కర్లేదు, మీ కాళ్లూ చేతులే తేడా చెప్తాయి. చాలా ఆటల్లో ప్రకృతిని కాపాడటం అంటే చివర్లో ఒక వీడియో వేసి పూలు పూయించడమే. ఇక్కడ మాత్రం మీరు బాగుచేసినదాన్ని మీరే వాడుకుంటూ ముందుకెళ్తారు.

కథ చిన్నదే. మొదటి పది నిమిషాల్లోనే చాలామందికి కళ్లు చెమరుస్తాయి, ముందే చెప్పి ఉంచుతున్నాను. తప్పిపోయిన ఓరిని నారు అనే పెద్ద ప్రాణి చేరదీసి పెంచుతుంది, తర్వాత అడవి ఎండిపోతుంది, తిండి కరువవుతుంది. అక్కడ మాటలు దాదాపు ఉండవు. మధ్యమధ్యలో ఆత్మవృక్షం ఏదో కల్పిత భాషలో మాట్లాడుతుంది, కింద అక్షరాలు పడతాయి. శత్రువు కురో అనే పెద్ద గుడ్లగూబ. దాని కోపానికి ఒక కారణం ఉంది, అది తెలిశాక దాన్ని ద్వేషించడం కష్టం. ఓరి గాల్లో తేలడానికి వాడే ఈక కూడా ఆ కురోదే. ఇలాంటి చిన్న విషయాలు కథ రాసినవాళ్లు బాగా ఆలోచించి పెట్టారనిపిస్తుంది. సంగీతం గారెత్ కోకర్‌ది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఇంకేం చెప్పను.

గెంతడం దగ్గరికి వద్దాం. దారిలో కనిపించే పాత ఆత్మల చెట్లు ఒక్కోటి ఒక్కో విద్య నేర్పుతాయి: గోడ పట్టుకుని ఎగరడం, గాల్లో రెండో గెంతు, గోడ ఎక్కడం, అలా. వీటన్నిటిలో రాజు బాష్. శత్రువు దగ్గరికో, అది విసిరిన నిప్పుముద్ద దగ్గరికో, వేలాడే లాంతరు దగ్గరికో వెళ్లి బటన్ నొక్కి పట్టుకుంటే కాలం ఆగుతుంది, ఒక బాణం గుర్తు వస్తుంది. దిశ చూపించి వదిలితే ఓరి అటు దూసుకుపోతుంది, నిప్పుముద్ద సరిగ్గా దానికి ఎదురు దిక్కుకి పోతుంది. అంటే మిమ్మల్ని చంపడానికి వచ్చినదే మీకు మెట్టు అవుతుంది. చేయి తిరిగాక నేల తాకకుండా ఒకదాని మీంచి ఒకదానికి ఎగురుతూ పోవడంలో ఉన్న మజా నాకు వేరే ప్లాట్‌ఫార్మ్ ఆటల్లో దొరకలేదు. ఆట సగానికి వచ్చేసరికి, మొదట్లో తడబడుతూ దాటిన చోట్లను ఆగకుండా దాటేస్తుంటారు.

ఇప్పుడు చిరాకులు. వీటిలో పెద్దది గిన్సో చెట్టు తప్పించుకునే ఘట్టం. నీటి శక్తి విడుదల కాగానే చెట్టు అడుగు నుంచి వరద తన్నుకొస్తుంది, దానికంటే ముందు మీరు చెట్టు పైదాకా ఎక్కేయాలి. మధ్యలో సేవ్ లేదు, చెక్‌పాయింట్ లేదు. ఎక్కడ తప్పినా మళ్లీ అడుగు నుంచే. బాష్ నేర్చుకున్నది కూడా ఆ చెట్టులోనే, అంటే అప్పుడే పట్టుబడుతున్న విద్యకు వెంటనే ఫైనల్ పరీక్ష. అసలు ఇబ్బంది వేగం కూడా కాదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు తర్వాత ఎటు గెంతాలో తెలిసే వీల్లేదు, తెలుసుకోవడానికి ఉన్న ఒకే దారి చావడం. ఒక్కో చావుకి ఒక్కో మలుపు గుర్తుపెట్టుకుంటూ చివరికి మొత్తం కంఠస్థం చేసి దాటుతారు. మొదటిసారి సంగీతం, వరద, విరిగిపడే చెక్కలు, అన్నీ కలిసి ఒళ్లు గగుర్పొడుస్తుంది. తర్వాత్తర్వాత అదే సంగీతం వింటే పళ్లు నూరుకోవడమే. మరోపక్క, దాటిన క్షణంలో వచ్చే ఆనందం ఆటలో ఇంకెక్కడా రాదు, ఈ మాట కూడా నిజం. అయినా మధ్యలో ఒక్క చెక్‌పాయింట్ పెట్టి ఉంటే ఆ ఆనందం తగ్గేది కాదని నా గట్టి అభిప్రాయం. ఇలాంటి పరుగులు ఆటలో తర్వాత కూడా ఉన్నాయి, కానీ అప్పటికి చేతికి అలవాటు అవుతుంది.

రెండోది, అందం వల్లే వచ్చే తంటా. ఓరి తెల్లగా వెలుగుతుంది, శత్రువు పేలితే వెలుగు చిమ్ముతుంది, ఏరుకోవాల్సిన బిందువులూ వెలుగుతాయి. గొడవ ఎక్కువైనప్పుడు తెర మీద ఓరి ఎక్కడుందో కనపడదు. ముందు పొరలోని ఆకులు ఒక్కోసారి దారి అంచుని కప్పేస్తాయి. అలంకారానికి పెట్టిన కొమ్మేదో, నిలబడటానికి పనికొచ్చే కొమ్మేదో, గుచ్చే ముల్లేదో తేల్చుకోవడానికి కళ్లకు కొంత శిక్షణ కావాలి. చిన్న తెర మీద ఆడితే ఈ బాధ ఎక్కువ. వీలైతే పెద్ద తెర మీద ఆడండి.

మూడోది సేవ్ పద్ధతి. దారి పొడవునా ఎక్కడంటే అక్కడ ఆట తనంతట తాను సేవ్ చేసుకోదు. నీలం రంగు శక్తి కొంత ఖర్చుపెట్టి మీరే సోల్ లింక్ వేసుకోవాలి, అదీ శత్రువులు దగ్గర లేని చోట, గట్టి నేల మీద. అదే శక్తి కొన్ని తలుపులు తెరవడానికీ, గట్టి దెబ్బ కొట్టడానికీ కావాలి. ఆలోచన మంచిదే. ఎప్పుడు దాచుకోవాలి, ఎప్పుడు ఖర్చుపెట్టాలి అన్న లెక్క ఆటలో భాగమైపోతుంది. కానీ ఉత్సాహంగా ఆడుతూ లింక్ వేయడం మర్చిపోయి చస్తే, దాటొచ్చిన కష్టమైన గదులన్నీ మళ్లీ దాటాలి. ఆ సమయంలో లెక్కలూ తత్వాలూ ఎవరికీ గుర్తురావు. కొన్నాళ్లకు శ్వాస తీసుకున్నంత అలవాటుగా లింక్ వేస్తారు, శక్తి నిల్వ కూడా పెరుగుతుంది, ఈ ఇబ్బంది పోతుంది. మొదటి రెండు మూడు గంటలే బాధ.

యుద్ధం గురించి రెండు ముక్కలు చాలు. ఓరి పక్కన తిరిగే సెయిన్ అనే వెలుగు, దగ్గర్లో ఉన్న శత్రువుని తనే వెతుక్కుని కొడుతుంది. మీరు బటన్ టపటపా నొక్కడమే. బాస్ ఫైట్లు, అంటే పెద్ద శత్రువులతో ప్రత్యేక పోరాటాలు, ఇష్టపడేవాళ్లకు ఇక్కడ ఏమీ దొరకదు, వాటి స్థానంలో పైన చెప్పిన పరుగులే ఉన్నాయి. మిస్టీ వుడ్స్ అనే చోట దారులు మారిపోతుంటాయి, మ్యాప్ చూసినా లాభం లేదు. కొందరికి అది నచ్చుతుంది, నాకు నచ్చలేదు.

మరి అలవాటు లేనివాళ్లు పూర్తి చేయగలరా? చేయగలరు, కానీ ఇదే ఆటకు తర్వాత మెరుగుపరిచి తెచ్చిన డెఫినిటివ్ ఎడిషనే తీసుకోండి. 2016లో వచ్చింది. మొదట విడుదలైన ఆటలో కష్టం తగ్గించే వీలే లేదు, ఇందులో ఈజీ మోడ్ ఉంది. అడవిలో అక్కడక్కడా ఉండే ఒక స్పిరిట్ వెల్ నుంచి ఇంకోదానికి ఒక్కసారిగా వెళ్లిపోయే సదుపాయం ఉంది, కాళ్లు అరిగేలా వెనక్కి నడిచే బాధ తప్పుతుంది. డాష్ అనే కొత్త విద్య, రెండు కొత్త ప్రాంతాలు, నారు గతం కూడా కలిపారు. ఈజీ ఎంచుకోవడానికి మొహమాటపడొద్దు, అడవి అదే అడవి, కథ అదే కథ. వన్ లైఫ్ అని ఇంకో మోడ్ ఉంది. ఒక్కసారి చస్తే అంతే సంగతులు, దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి.

ఇంకొన్ని చెప్తాను. కంట్రోలర్ ఉంటే దాంతోనే ఆడండి. మౌస్‌తో బాష్ దిశ చూపించడం కొందరికి సులువే గానీ గోడ మీది గెంతులకు కంట్రోలరే హాయి. స్కిల్ పాయింట్లు మొదట్లో దాడికి తగలేయకుండా, లింక్ వేసినప్పుడు కొంత ప్రాణం తిరిగొచ్చే స్కిల్ త్వరగా తీసుకోండి. ఆట స్వభావమే మారిపోతుంది. తప్పించుకునే ఘట్టంలో వరసగా పోతుంటే ఆపేసి మర్నాడు ఆడండి. ఆశ్చర్యంగా మర్నాటికి వేళ్లకు దారి గుర్తుంటుంది. మూలమూలలా ఉన్నవన్నీ ఏరుకునే అలవాటుంటే ఆట చివర్లో వచ్చే మౌంట్ హోరు అనే చోట ఆఖరి పరుగు మొదలుపెట్టకముందే ఆ పని ముగించుకోండి. కథ మాత్రం పూర్తి చేయడానికి నాలాంటి మామూలు ఆటగాళ్లకు పది గంటలకు అటూ ఇటూ పడుతుంది.

మొదటిదా, రెండోదా అన్నదానికి వస్తే, ఓరి అండ్ ది విల్ ఆఫ్ ది విస్ప్స్ 2020 మార్చిలో వచ్చింది. ఆట తనే సేవ్ చేసుకుంటుంది, యుద్ధం పూర్తిగా మార్చారు, కత్తిలా వాడే వెలుగు ఉంటుంది, పెద్ద పెద్ద బాస్‌లు ఉన్నాయి, మాట్లాడే పాత్రలు ఎక్కువ. కొత్తవాళ్లకు అదే సులువుగా అనిపించొచ్చు. అయినా నేను మొదటిదే ముందు ఆడమంటాను, ఎందుకంటే రెండోదాని తొలి దృశ్యాలే మొదటిదాని ముగింపుని బయటపెట్టేస్తాయి. పైగా రెండోదాని సౌకర్యాలకు అలవాటుపడి వెనక్కి వస్తే మొదటిదాని సేవ్ పద్ధతిని అస్సలు భరించలేరు. ఈజీలో పెట్టి గిన్సో చెట్టు దాటేవరకు ఆడి చూడండి. వరద దాటాక కూడా గెంతడంలో మజా రాకపోతే రెండోదాని మీద డబ్బు పెట్టకండి, యుద్ధం ఎంత మెరుగైనా దాని ప్రాణం కూడా గెంతడమే.