ఆఫీసులో పూలు పెట్టుకున్నాను, అత్త మాట్లాడటం లేదు

ప్రశ్న: నాకు 33 ఏళ్ళు. మాది హిందూపురం దగ్గర పల్లె. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. రెండున్నరేళ్ళ క్రితం మా ఆయన గుండెపోటుతో పోయారు. మారతహళ్ళిలో నేను, మా ఏడేళ్ళ పాప, మా అత్త ఉంటున్నాం. నవంబర్ 1న కన్నడ రాజ్యోత్సవానికి సెలవు కాబట్టి ఆఫీసులో ముందు రోజే వేడుక చేశారు. ఆడవాళ్ళంతా పసుపు, ఎరుపు చీరల్లో రావాలని టీమ్‌లో అనుకున్నారు. నేనూ కట్టుకున్నాను. పక్క సీటులో ఉండే కన్నడ అమ్మాయి అరిటాకులో చుట్టి తెచ్చిన మల్లెపూలు “అక్కా, తిరగండి” అంటూ నా జడలో పెట్టేసింది, బొట్టు కూడా పెట్టింది. ర్యాంప్ వాక్‌లో నవ్వుతూ నడిచాను. తర్వాత వాష్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ గ్రూప్ ఫొటో ఎలాగో మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఆడపడుచు ఫోన్ చేసి “మూడేళ్ళు కూడా కాలేదు, అప్పుడే సింగారాలా?” అంది. అత్త ఏమీ అనలేదు కానీ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశారు. లంచ్ బాక్సు మాత్రం రోజూ కట్టి పెడుతున్నారు. ఆవిడ కూడా నలభై ఏళ్ళ లోపే మామను పోగొట్టుకున్నారు. పాప ఆ ఫొటో చూసి “అమ్మా, నాన్న ఉన్నప్పటిలా ఉన్నావు” అంది. నేను తప్పు చేశానా? సంక్రాంతికి మళ్ళీ ఆఫీసులో చీరల రోజు ఉంది. సెలవు పెట్టేయాలా?
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: తప్పు చేయలేదమ్మా. మిగతా విషయాలకు వెళ్ళే ముందు ఈ మాట గట్టిగా చెప్పాలి. మీరు ఎవరినీ మోసం చేయలేదు, మీ ఆయన్ని మరిచిపోనూ లేదు. తోటివాళ్ళు పిలిస్తే ఒక పూట వాళ్ళతో కలిసి సరదాగా ఉన్నారు, అంతే. తాళి, మెట్టెలు, నల్లపూసలు పెళ్ళితో వచ్చాయి, సరే. బొట్టు మాత్రం మీకు ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఉంది. జుట్టు జడకు అందిన రోజు నుంచీ పూలు పెట్టుకున్నారు. పెళ్ళికి ముందే మీవైన వాటిని ఇప్పుడు తీసేయమనే హక్కు ఎవరికీ లేదు.

ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆ ఫొటో అంతగా ఎందుకు గుచ్చుకుందో మాత్రం అర్థం చేసుకోవచ్చు. 1956 నవంబర్ 1న కన్నడ ప్రాంతాలు కలిసి ఒక్క రాష్ట్రమయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కూడా అదే రోజు. అందుకే ఏటా ఆ రోజుల్లో బెంగళూరు ఆఫీసుల్లో మగవాళ్ళు పంచె కట్టి మైసూరు పేటా అనే తలపాగా పెట్టుకుంటారు, ఆడవాళ్ళు కన్నడ జెండా రంగు చీరలు కడతారు. ఆ జెండాలోని పసుపు, ఎరుపు రంగుల్ని కన్నడిగులు పసుపు కుంకుమలనే చెప్పుకుంటారు. ఈ సంగతులన్నీ తెలియకుండా ఊళ్ళో ఫోన్ తెరిచినవాళ్ళకు కనిపించింది ఒకటే: పసుపు చీర, ఎర్రంచు, జడలో మల్లెలు, నుదుట కుంకుమ. మీ టీమ్‌కి రాష్ట్ర పండుగ అయినది మీ చుట్టాలకు ఇంకోలా కనిపించింది.

ఈ విషయంలో మనం ఎంత నెమ్మదిగా నడుస్తున్నామో చూస్తే నాకు బాధేస్తుంది. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. వీరేశలింగం గారు 1881 డిసెంబర్‌లో రాజమండ్రిలో ఎంతో వ్యతిరేకతను ఎదుర్కొని మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళి దాకా వెళ్ళిన మాట ఇన్నేళ్ళైనా జడలో పూల దగ్గర ఆగిపోయింది. అయితే మార్పు లేకపోలేదు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరి పంచాయతీ 2022 మేలో ఒక తీర్మానం చేసింది. భర్త పోయిన ఆడవాళ్ళ గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరిపేయడం, తాళి, మెట్టెలు తీసేయడం తమ ఊళ్ళో ఇక ఉండకూడదని. అదే నెలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలనూ ఆ దారిలో నడవమంది. “పల్లెల్లో ఇవన్నీ కుదరవు” అని ఎవరైనా అంటే ఈ పల్లె గురించి చెప్పండి.

ఇక వాష్‌రూమ్‌లో ఏడ్చిన సంగతి. నవ్వినందుకు మీ మనసు మీకు వేసుకున్న శిక్ష అది అనుకుంటున్నారేమో. కాదు. నెదర్లాండ్స్‌లో పనిచేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1999లో దుఃఖం గురించి ఒక సిద్ధాంతం రాశారు. అయినవాళ్ళను పోగొట్టుకున్న మనిషి కాసేపు ఆ బాధలో ఉంటాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్ళీ బాధలోకి వెళ్తాడు, ఇలా అటూ ఇటూ తిరుగుతూనే కోలుకుంటాడు అని వాళ్ళు చెప్పారు. ర్యాంప్ మీద నవ్వు, ఆ వెంటనే ఏడుపు, రెండూ నిజమే. మీరు ఆరోగ్యంగానే దుఃఖిస్తున్నారు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం లాంటివి వారాల తరబడి ఉంటే మాత్రం ఒక్కరే మోయకండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నేరుగా డాక్టర్ని కలవాలనుకుంటే మీరుంటున్న బెంగళూరులోనే నిమ్‌హాన్స్ మానసిక వైద్యశాల ఉంది.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీ అత్త నలభై ఏళ్ళ లోపే భర్తను పోగొట్టుకున్నారన్న మాట. మామ పోయిన పదో రోజున ఆవిడకు ఏం జరిగిందో ఎప్పుడైనా అడిగారా? ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఒంటికి పసుపు రాసి, తలనిండా పూలు పెట్టి, చేతినిండా గాజులు తొడిగి, చుట్టూ అందరూ చేరి ఏడుస్తుండగా ఒక్కొక్కటీ తీసేసేవాళ్ళు. ఆవిడ చివరిసారి పూలు పెట్టుకున్నది ఆ రోజే అయి ఉండొచ్చు. “నీకు ఇష్టమేనా?” అని ఒక్కరూ అడిగి ఉండరు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఎన్ని పేరంటాలకు దూరంగా ఉన్నారో, ఎన్ని పెళ్ళిళ్ళలో వెనక వరసలో కూర్చున్నారో ఆవిడకే తెలియాలి. అలాంటి మనిషి చేతికి ఎవరో ఫోన్ ఇచ్చి, కోడలు పూలు పెట్టుకుని నవ్వుతున్న ఫొటో చూపించారు.

ఆ మౌనంలో కోపం ఎంతో, కొడుకు గురించిన దుఃఖం ఎంతో, తనకు దక్కనిది కోడలికి దక్కిందన్న బాధ ఎంతో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. మూడూ కలిసి ఉండొచ్చు. ఒకటి మాత్రం గమనించండి. ఆవిడ మాట ఆపేశారు కానీ బాక్సు కట్టడం ఆపలేదు. మీరు ఆకలితో ఉండటం ఆవిడకు ఇష్టం లేదు. ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఆవిడతో ఎదురెదురుగా కూర్చుని “మాట్లాడాలి” అంటే టెన్షన్ పెరుగుతుంది. ఇప్పుడు బెంగళూరులో అనపకాయల కాలం. ఒక ఆదివారం కాయలు తెచ్చి, ఒలిచి, గింజలు నానబెట్టి, ఇద్దరూ కలిసి పితికిపప్పుకు కూర్చోండి. పాపను పక్కింటికి పంపండి. చేతులకు పని ఉంటే నోటికి మాట సులువుగా వస్తుంది, ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన ఇబ్బందీ ఉండదు. అప్పుడు ఇలా చెప్పండి: “అత్తా, ఆ ఫొటో నేనే ముందు మీకు చూపించి ఉంటే బాగుండేది. ఎవరి ఫోన్‌లోనో చూడాల్సి వచ్చింది, అది నాకూ బాధగానే ఉంది. ఆయన్ని మరిచిపోయి కాదు. ఆ రోజే ఆయన గుర్తొచ్చి ఏడ్చాను.” ఆ తర్వాత “మామ పోయినప్పుడు మీకు ఎలా గడిచింది అత్తా?” అని అడిగి ఊరుకోండి. ఆవిడ చెప్తే వినండి. చెప్పకపోతే ఇంకో ఆదివారం ఉంది.

పూలు పెట్టుకున్నందుకు క్షమాపణ అడగొద్దు. ఇక మీద పెట్టుకోవచ్చా అని అనుమతి కూడా అడగొద్దు. అడిగితే ఆవిణ్ణి తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోబెట్టినట్టే. మీ ఆడపడుచు, చుట్టాలు చెవిలో ఊదినదే ఆవిడ తీర్పుగా చెప్పాల్సి వస్తుంది. ముందుగా తెలియజేయండి, చాలు. “ఆవిడకూ ఒక మూర పూలు కొని పెట్టించండి” అని మీకు ఎవరైనా సలహా ఇస్తారేమో. వద్దు, ఇప్పుడే వద్దు. ఇన్నేళ్ళ అలవాటు మీద అలా చెయ్యి వేస్తే ఆవిడ బెదిరిపోతారు. దేవుడికి, మీ ఆయన ఫొటోకి పూలు తెచ్చి ఆవిడ చేతికివ్వండి. ప్రస్తుతానికి అంతవరకే.

ఆడపడుచుకు పెద్ద వివరణ అక్కర్లేదు. అన్నను పోగొట్టుకున్న బాధ ఆమెకూ ఉంటుంది, దాన్ని గౌరవించండి. “వదినా, మీ అన్న లేని లోటు నాకు తెలుసు, నేను ఎలా తయారవ్వాలో నన్ను చూసుకోనివ్వండి” అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి వదిలేయండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క కూడా రాయకండి.

పాప అన్న మాట మళ్ళీ చదువుకోండి. ఆ పిల్ల రెండున్నరేళ్ళుగా నాన్న లేడని చూస్తోంది, అమ్మ మునుపటిలా లేదనీ చూస్తోంది. భర్త పోతే ఆడదాని నవ్వు కూడా పోవాలని ఏడేళ్ళ పిల్ల మీ ఇంట్లో నేర్చుకోకూడదు. అత్త కోసమో చుట్టాల కోసమో మీరు తగ్గదలిస్తే, ముందు ఈ పిల్లను గుర్తు చేసుకోండి.

సంక్రాంతికి సెలవు పెట్టకండి. అయితే ఏం పెట్టుకోవాలో, ఏం వద్దో ముందు రోజు రాత్రే మీకు మీరు తేల్చుకోండి. పోయినసారి ఆ నిర్ణయం మీ చేతిలో లేకుండా పోయింది. ఆ కన్నడ అమ్మాయి ప్రేమతోనే పెట్టింది, మీ సంగతి ఆమెకు పూర్తిగా తెలిసి ఉండకపోవచ్చు. కాఫీకి తీసుకెళ్ళి చెప్పండి: “నువ్వు పూలు పెడితే సంతోషమేసింది, ఈసారి ముందు నన్ను అడుగు.” ఫొటోలు తీసేవాళ్ళతో, టీమ్ బయటికి పంపొద్దని చెప్పండి. దాచుకోవాల్సిన పని చేశారని కాదు, మీ ఇంటి మాట మీ నోటితోనే ఇంటికి వెళ్ళాలని. బెంగళూరులో సంక్రాంతికి ఎళ్ళు బెల్ల, అంటే నువ్వులు, బెల్లం కలిపినది, పంచేటప్పుడు ఆడవాళ్ళకు పసుపు కుంకుమ కూడా ఇస్తారు. కుంకుమ బరిణె మీ వైపు వస్తే వెనక్కి జరగకండి. తీసుకోవాలనిపిస్తే చెయ్యి చాపండి. వద్దనిపిస్తే నవ్వి ఎళ్ళు బెల్ల మాత్రం తీసుకోండి. రెండూ సరైనవే.

అప్పటికి అత్త మాట్లాడకపోయినా వెళ్ళండి. ఇంట్లోనే చీర కట్టుకుని, పెట్టుకోదలిస్తే పూలు కూడా ఇంట్లోనే పెట్టుకుని, “అత్తా, ఆఫీసులో పండుగ, వెళ్ళొస్తాను” అని చెప్పి బయల్దేరండి. సంచిలో దాచుకెళ్ళి ఆఫీసు లిఫ్టులో పెట్టుకోవడం, తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర తీసేయడం మాత్రం చేయకండి. అలా చేస్తే చేయని తప్పును మీరే ఒప్పుకున్నట్టవుతుంది.