పోస్టుపెట్టెలోకి రాకముందే ఆపవలసిన ఉత్తరాలు

అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్న తరువాత రోజూ వచ్చిపడుతున్న క్యాటలాగులను, ప్రకటనల ఉత్తరాలను తగ్గించుకునే మార్గం ఏమైనా ఉందా అని మీరు అడిగారు. ఉంది. అయితే వచ్చినవాటిని వచ్చినట్టు చెత్తబుట్టలో వేయడం మాత్రం ఆ మార్గం కాదని మా నాన్నగారు మా ఇంట్లో గడిపిన ఆరు నెలలలో నాకు బాగా తెలిసివచ్చింది.

నాన్నగారు తెనాలి దగ్గరి ఒక పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేశారు. కవరు మీద పేరు, చిరునామా ఉన్నాయంటే ఎవరో పనిగట్టుకుని రాశారనీ, దాన్ని చదవకుండా పారేయడం తప్పనీ ఆయన నమ్మకం. మేము న్యూజెర్సీలో ఇల్లు కొన్న మూడో నెలలో ఆయనా అమ్మా వచ్చారు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లాక పోస్టుపెట్టె తెరిచే పని ఆయనే తీసుకున్నారు. ఒక సాయంత్రం నేను వచ్చేసరికి ఒక కవరు ముందు పెట్టుకుని మౌనంగా కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదని అమ్మ చెప్పింది. కవరు మీద ఎర్రటి అక్షరాలతో ‘ఆఖరి నోటీసు’ అని ఉంది. లోపలి కాగితంలో మాకు అప్పిచ్చిన బ్యాంకు పేరు, అప్పు మొత్తం అచ్చువేసి, వెంటనే ఫోన్ చేయమని రాశారు.

“ఎన్ని నెలల నుంచి కట్టడం లేదురా? నాకు ఒక్క మాట చెబితే ఊళ్లో ఆ అర ఎకరం అమ్మి పంపేవాణ్ణి కదా” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. అది అసలు బ్యాంకు పంపిన ఉత్తరం కాదు. అప్పు తీరకముందే నేను పోతే ఇల్లు కుటుంబానికి మిగిలేలా బీమా అమ్ముతామనే ఒక కంపెనీ ప్రకటన. ఇక్కడ ఇంటి దస్తావేజు, తనఖా పత్రం కౌంటీ కార్యాలయంలో నమోదై ఎవరైనా చూడగలిగే రికార్డులవుతాయి కనుక, ఇలాంటివారు ఆ వివరాలను అక్కడి నుంచి తీసుకుంటారు. ఈ సంగతి నాన్నగారికి నమ్మకం కుదిరేలా చెప్పడానికి నేను బ్యాంకు ఖాతా తెరిచి, కట్టిన వాయిదాలన్నీ ఒక్కొక్కటిగా చూపించవలసి వచ్చింది. ఈ ఉత్తరాలలో ఎక్కువ భాగం పెద్దవాళ్ల భయం మీద బతికేవేనని ఆ రోజు నుంచి నా గట్టి అభిప్రాయం.

ఆ శనివారం మేమిద్దరం నెల రోజుల కాగితాలను ముందు వేసుకుని, పోస్టాఫీసులో సంచి విప్పి సార్టింగు చేసినట్టే, పంపినవారిని బట్టి విడదీశాము. అన్నిటికంటే పెద్ద కట్ట, ముందే మంజూరైందంటూ వచ్చిన క్రెడిట్ కార్డులు, బీమాలది. మన అప్పుల చరిత్రను దాచే క్రెడిట్ బ్యూరోలు మన పేర్లను ఈ కంపెనీలకు ఇవ్వకుండా ఆపే హక్కు మనకు చట్టప్రకారం ఉంది. ఇందుకోసమే ఉన్న ఆప్ట్ అవుట్ ప్రీస్క్రీన్ అనే సైటులో గాని, 1-888-567-8688 నంబరులో గాని చెబితే అయిదేళ్లపాటు ఆగుతాయి. శాశ్వతంగా ఆగాలంటే ఫారం మీద సంతకం చేసి పోస్టులో పంపాలి. భార్యాభర్తలు ఎవరిది వారే పంపాలి. మా రెండు కవర్ల మీదా నాన్నగారే చిరునామా రాసి, స్టాంపులు అంటించి, స్వయంగా పోస్టాఫీసులో ఇచ్చి వచ్చారు.

క్యాటలాగుల సంగతి వేరు. మా ఆవిడ ఒక్కసారి దుప్పట్లు కొంటే ఎన్నడూ పేరు వినని దుకాణాల నుంచి కూడా క్యాటలాగులు మొదలయ్యాయి, ఎందుకంటే ఈ వ్యాపారులు కొనుగోలుదారుల చిరునామాలను ఒకరికొకరు అద్దెకు ఇచ్చుకుంటారు. క్యాటలాగు వెనక అట్ట మీద చిన్న గడిలో ఉండే కస్టమరు నంబరును ఆ దుకాణానికి ఫోన్ చేసి చదివి వినిపిస్తే వాళ్లు పేరు తీసేస్తారు. అందుకని నంబరు చూడకుండా ఏదీ పారేయకండి. క్యాటలాగ్ చాయిస్ అనే ఉచిత సైటులోనూ ఈ పని జరుగుతుంది. ప్రకటనదారుల సంఘం నడిపే డీఎంఏ చాయిస్ అనే సైటులో కొద్దిపాటి రుసుము కడితే పదేళ్లపాటు మీ పేరు వద్దన్నవాళ్ల జాబితాలో ఉంటుంది. తరువాతి సంచికల చిరునామాలు ముందే సిద్ధమై ఉంటాయి కనుక రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఇంత పెద్ద దేశంలో ఇదంతా మనమే ఎందుకు చేసుకోవాలన్నది నా బాధ. ఫోన్లలో అమ్మకాల పిలుపులు వద్దనుకునేవారి కోసం 2003లోనే జాతీయ జాబితా పెట్టిన ప్రభుత్వం, ఉత్తరాలకు అలాంటిదేదీ పెట్టలేదు. జర్మనీలో పెట్టె మీద ‘ప్రకటనలు వద్దు’ అని చీటీ అంటిస్తే చాలు, పేరు లేని ప్రకటన కాగితాలు పంచే వ్యాపారులు దాన్ని మన్నించి తీరాలి. ఇక్కడ అశ్లీలమని మనం భావించిన ప్రకటనల మీద పోస్టల్ శాఖవారి 1500 నంబరు ఫారంతో నిషేధం తెచ్చుకోవచ్చు, ఏది అశ్లీలమో తేల్చవలసింది అందుకునేవారేనని సుప్రీంకోర్టు 1970లోనే చెప్పింది. కాని ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క ఫారం పెట్టాలి.

మూడు నెలలకు మా పెట్టెలో మిగిలినవి బిల్లులు, పేరు లేని ప్రకటన కాగితాలు మాత్రమే. పిజ్జా దుకాణాలు, కిరాణా కొట్లు వీధి మొత్తానికి పంచే ఈ కాగితాలను పేరు తీయించి ఆపలేము. 2011 నుంచి పేర్లు, చిరునామాలు ఏవీ లేకుండానే ప్రతి గడపకూ వీటిని చేర్చే సేవను పోస్టల్ శాఖే వ్యాపారులకు అమ్ముతున్నది. నాన్నగారికి ఇది అసలు మింగుడుపడలేదు. ఎవరికి రాశారో తెలియని కాగితాన్ని బట్వాడా చేయడమేమిటని, తిరిగి వెళ్లేటప్పుడు విమానాశ్రయానికి పోతూ కారులో కూడా అడిగారు.