పెరటి కోళ్ల గుడ్లు కడగాలా, వద్దా?

నిరుడు టెక్సస్‌లో ఇల్లు కొనుక్కుని, గుడ్ల ధరలకు భయపడి పెరట్లో నాలుగు పెట్టలను పెంచుతున్న ఒక సోదరి, గుడ్లను దుకాణంలో దొరికేవాటిలా కడిగి ఫ్రిజ్‌లో పెట్టాలా, ఫోనులో అమ్మ చెబుతున్నట్టు బుట్టలో బయటే ఉంచవచ్చా అని అడిగారు. పెరట్లో కోళ్లను ఉంచవచ్చునో లేదో మీ నగరపాలక సంస్థ, మీ కాలనీ సంఘం చెబుతాయి కనుక ఆ సంగతి వారినే అడగండి. గుడ్ల సంగతి మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే ఈ విషయంలో చేయదగిన పొరపాట్లన్నీ 2013లోనే చేసి ముగించాను.

ఆ ఏడాది నేను ఆరు పెట్టలను పెంచాను. గూడు, కంచె, దాణా కలిపి మొదటి సంవత్సరం తొమ్మిది వందల పది డాలర్లు ఖర్చయినట్టు నా లెక్కల పుస్తకంలో ఇప్పటికీ ఉంది. మేము తిన్న గుడ్లు సుమారు ఏడు వందలు, అంటే ఒక్కో గుడ్డు డాలరు ముప్పై సెంట్లు పడింది. దుకాణంలో డజను గుడ్లు రెండు డాలర్లకు అటూ ఇటూగా దొరికే రోజులవి. ఈ లెక్క తెలిసిన మనిషికి ఒక గుడ్డు పారవేయవలసి వస్తే ప్రాణం ఎంత విలవిలలాడుతుందో ఊహించుకోండి. నేను పారవేసినవి యాభైకి పైనే.

మొదటి తప్పు చన్నీళ్లతో కడగడం. కూరగాయలను కడిగినట్టే వారానికి సరిపడా గుడ్లను సింకులో నీళ్లు నింపి, అరగంట నానబెట్టి, పీచుతో తోమి, తళతళలాడుతుంటే చూసి మురిసిపోయాను. గుడ్డు పెంకుకు వేల సంఖ్యలో సన్నని రంధ్రాలుంటాయనీ, పెట్ట గుడ్డు పెట్టేటప్పుడే వాటిని మూసే పలుచని పొర ఒకటి దానిపై ఏర్పడుతుందనీ, తోమితే ఆ పొర పోతుందనీ నాకు అప్పుడు తెలియదు. పైగా వెచ్చని గుడ్డును చల్లని నీళ్లలో వేస్తే లోపలి పదార్థం కుంచించుకుని, బయటి మురికినీ సూక్ష్మజీవులనూ రంధ్రాల గుండా లోపలికి లాక్కుంటుంది. వాటిలో కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే దాని పేరు మీరు వినే ఉంటారు.

రెండో తప్పు మొదటిదానికంటే ఖరీదైనది. అలా పొర పోగొట్టిన గుడ్లను, మా నాయనమ్మ ఊక పోసిన గంపలో దాచేది కదా అని, వేసవిలో గ్యారేజీలో బుట్టలో పెట్టాను. నాయనమ్మ గుడ్లను ఏనాడూ కడగలేదన్న సంగతి నాకు తట్టలేదు. వాటిలో రెండు డజన్లు ఒక మిత్రుని ఇంటికి గొప్పగా పంపితే, వారు మూడో నాడు ముక్కు మూసుకుని ఫోను చేశారు. ఇరవై నాలుగు గుడ్లంటే ముప్పై ఒక్క డాలర్ల ఇరవై సెంట్లు. పోయిన పరువు ఈ లెక్కలోకి రాదు.

కనుక శుభ్రంగా ఉన్న గుడ్డును కడగకండి. కాస్త మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి. రెట్ట అంటితే, గుడ్డుకంటే కనీసం ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్ వెచ్చగా, తొంభై డిగ్రీలకు తగ్గకుండా ఉన్న నీటి ధార కింద చప్పున కడిగి, తుడిచి, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, నానబెట్టవద్దు. పగిలిన గుడ్డును పోగొట్టుకోవడమే లాభం. అసలు గుడ్డుకు మురికి అంటుతున్నదంటే తప్పు గూటిలో ఉంది: కోళ్లు రాత్రి కూర్చునే కర్ర గుడ్ల పెట్టెకంటే ఎత్తుగా ఉండాలి, లేకుంటే అవి పెట్టెలోనే నిద్రపోయి రెట్ట వేస్తాయి. గంటసేపు కోళ్ల వీడియోలు చూసే ఓపిక ఇప్పటివారికి ఉంటుంది కానీ, పెట్టెలో పొట్టు మార్చి, రోజుకు రెండుసార్లు గుడ్లు ఏరే ఓపిక ఉండదు.

మీ అమ్మగారి మాట కడగని గుడ్ల విషయంలో పూర్తిగా తప్పు కాదు. చాలా ఐరోపా దేశాల దుకాణాల్లోనూ కడగని గుడ్లనే అమ్ముతారు. అయినా టెక్సస్ ఎండల్లో నేను దేనినీ బయట ఉంచను. నలభై డిగ్రీల ఫారెన్‌హీట్‌కు మించని ఫ్రిజ్‌లో, మాటిమాటికీ తెరిచే తలుపులో కాక లోపలి అరలో, సన్నని మొన కిందికి ఉండేలా పెట్టి, పెంకుపై పెన్సిలుతో తేదీ వేస్తాను. అలా ఉంచినవాటిని మూడు నుంచి అయిదు వారాల లోపు వాడుకోవచ్చు. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టినదాన్ని బయట వదలవద్దు, పెంకు చెమర్చి ఆ తడిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. నీళ్లలో తేలితే గుడ్డు పాతబడిందని మాత్రమే అర్థం. మునిగినంత మాత్రాన అది సురక్షితమని కాదు, బాగా ఉడికించవలసిందే.

ఆ తేదీ వల్ల మరో ఆదా ఉంది. నిన్నటి గుడ్డును ఉడికిస్తే పెంకుతోపాటు సగం తెల్లసొన ఊడి వస్తుంది. పులుసుకు వారం, పది రోజుల కిందటి తేదీ ఉన్నవాటిని తీసుకుని, నేటివి అట్టుకు వాడండి.