మూడో బోరు వేయాలా, వద్దా? నీటిపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది వర్ధన్నపేట దగ్గరి పల్లె. మూడెకరాల ఎర్ర చెలక ఉంది. కాలువ నీరు మా వైపు ఎక్కదు. మొదటి బోరు 180 అడుగులు, రెండోది 320 అడుగులు వేశాను. రెండేళ్లుగా ఫిబ్రవరి దాటితే రెండూ ఆగి ఆగి పోస్తున్నాయి. యాసంగిలో మూడెకరాలూ వరే వేస్తున్నాను. పక్క చేనులో 500 అడుగులు వేస్తే నీళ్లు పడ్డాయని నన్నూ వేయమంటున్నారు. అప్పు తెచ్చి వేయమంటారా?

జవాబు: వేయవద్దనే చెబుతాను. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎక్కువ భాగం గ్రానైటు వంటి గట్టి రాతి మీద ఉంది. ఈ రాయి తనలో నీటిని దాచుకోదు. పైనున్న మొరం, మెత్తబడిన రాతి పొరలోనూ, దాని కింద రాతికి పడిన పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. లోతుకు పోయిన కొద్దీ ఆ పగుళ్లు తగ్గిపోతాయి. పక్క చేనులో 500 అడుగుల వద్ద పడ్డవి చాలావరకు కొత్త నీళ్లు కావు. చుట్టూ ఉన్న బోర్లకు చేరవలసిన వాన నీటినే ఆ బోరు మరింత కింది నుంచి లాగుతూ ఉండవచ్చు. రేపు మీరు 600 అడుగులు వేస్తే ఆ రైతుదీ మీ పరిస్థితే అవుతుంది. అప్పు మాత్రం ఇద్దరికీ మిగులుతుంది.

అప్పు మాట తర్వాత, ముందు మీ బోరును కొలవండి. ఇరవై లీటర్ల బకెట్ పైపు కింద పెట్టి, ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. ఇరవై సెకన్లు పట్టిందంటే సెకనుకు ఒక లీటరు పోస్తున్నట్టు. అలాంటి బోరు ఎనిమిది గంటలు ఆగకుండా పోస్తే 28,800 లీటర్లు వస్తాయి. ఎకరంలో ఒక మిల్లీమీటరు ఎత్తు నీరు నిలవాలంటే సుమారు 4,047 లీటర్లు కావాలి. అంటే రోజంతా పోసినా ఎకరానికి అందేది ఏడు మిల్లీమీటర్లే. మార్చి, ఏప్రిల్ ఎండలకు వరి మడి నుంచి ఆవిరిగా పోయేదే దాదాపు అంత ఉంటుంది, చెలకలో ఇంకిపోయేది అదనం. ఆ బోరు కింద ఒక్క ఎకరం వరి కూడా కష్టమే. మూడెకరాలు ఎందుకు ఎండుతున్నాయో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది. జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి కొలిచి గోడ మీద రాసుకుంటే, వచ్చే యాసంగికి ఎంత వేయాలో ఎవరినీ అడగనక్కర లేదు.

తిండి గింజల కోసం వరి తప్పదనుకుంటే బోరు మోయగలిగినంత మేరకే వేసి, మిగిలిన భూమిలో నువ్వులు, పెసర, పల్లి వంటివి వేయండి. వరి మడిలోనూ నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలన్న నియమం లేదు. ముప్పై సెంటీమీటర్ల ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకుని, కింది సగానికి చుట్టూ రంధ్రాలు పెట్టి, ఆ సగం మట్టిలోకి దిగేలా మడిలో పాతి, లోపలి మట్టిని చేత్తో తీసివేయండి. నాటు వేసిన రెండు వారాల తర్వాత నుంచి, పైపులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మోటరు వేయండి. పూతకు ముందు ఒక వారం, తర్వాత ఒక వారం మాత్రం మడిలో పలుచగా నీరు నిలపాలి. పైన నేల నెర్రెలు విచ్చుతున్నట్టు కనిపిస్తే మనసు ఆగదు. కానీ పైపులోకి తొంగిచూస్తే వేళ్ల దగ్గర నీరు ఉందని కంటికి కనిపిస్తుంది. ఈ పద్ధతిలో నాలుగో వంతు వరకు నీరు ఆదా అయిన అనుభవాలు ఉన్నాయి. 2018 జనవరి నుంచి మన రాష్ట్రంలో సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రాత్రంతా మోటరును ఆటో స్టార్టరుకు వదిలేసే అలవాటు ఉంటే, దయచేసి ఈరోజే మానండి.

వానాకాలంలో చేయవలసింది ఇంకా పెద్దది. పాతిక మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే మీ మూడెకరాల మీద మూడు లక్షల లీటర్ల నీరు కురిసినట్టు. అది ఒర్రెలోకి పరుగెత్తకుండా వాలుకు అడ్డంగా దున్నడం, గెట్లు గట్టిచేయడం, పల్లపు మూలలో పంట కుంట తవ్వడం మీ చేతిలో ఉన్న పనులు. ఎర్ర చెలకలో కుంట నీరు నిలవకుండా ఇంకిపోతే దిగులుపడకండి, అది చేరేది మీ బోరు ఉన్న పొరలకే.

ప్రశ్న: మాది ములుగు వైపు ఊరు. మా చెరువుకు మిషన్ కాకతీయ అనే చెరువుల పునరుద్ధరణ పథకంలో పూడిక తీశారు. ఇప్పుడు వానలన్నీ నాలుగు రోజుల్లోనే కురిసి పోతున్నాయి. నీరు వృథా కాకుండా మత్తడి (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) మీద ఇసుక బస్తాలు వేసి రెండడుగులు ఎత్తు పెంచుదామని కొందరు పెద్దమనుషులు అంటున్నారు. శిఖం భూమికి (చెరువు నిండితే మునిగే భూమి) పట్టా ఉన్నవాళ్లు ఒప్పుకోవడం లేదు. ఎవరిది సరైన మాట?

జవాబు: బస్తాలు వేయకండి. శిఖం భూముల తగాదా సంగతి అలా ఉంచండి, ఇది కట్ట ప్రాణానికి సంబంధించిన విషయం. మత్తడికీ కట్ట పైభాగానికీ మధ్య వదిలిన ఎత్తు ఖాళీగా కనిపిస్తుంది గాని, పెద్ద వరద వచ్చిన రాత్రి నీరు కట్ట మీదుగా పొర్లకుండా కాపాడేది అదే. దాన్ని రెండడుగులు మింగేస్తే మట్టి కట్ట మీదుగా నీరు దుంకుతుంది, దుంకిన చోట గంటల్లో గండి పడుతుంది. 2023 జులైలో మీ జిల్లాలోనే, వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఏడాది వానలో దాదాపు సగం ఒక్క రోజులో కురిసిందన్న మాట. అలాంటి రోజు మళ్లీ రాదని అనుకుని కట్టతో పందెం వేయలేం.

పైగా మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకిన నీరే కింది చెరువుకు ఆధారం. పై కట్ట తెగితే ఆ వరదంతా ఒక్కసారిగా కింది కట్టను తాకుతుంది. పదమూడో శతాబ్దిలో గణపతిదేవుని కాలంలో కట్టిన రామప్ప, పాకాల చెరువులు ఇప్పటికీ నిండి మత్తడి పోయడం మనం చూస్తూనే ఉన్నాం. మత్తడికి తగిన చోటూ వెడల్పూ ఇవ్వకుండా అది సాధ్యపడేది కాదు.

నీరు మిగలాలంటే మే నెలలో చేయవలసిన పనులు ఉన్నాయి. ఒర్రె నుంచి చెరువులోకి నీరు వచ్చే కాలువలో తుమ్మలు, చెత్త తీయించండి. 2015లో మొదలైన పథకంలో తీసిన పూడిక మళ్లీ పేరుకుంటుంది గనుక, చెలకలున్న రైతులు ఏటా ట్రాక్టర్లతో ఒండ్రు తోలుకుపోతే చెరువు లోతూ పెరుగుతుంది, వాళ్ల నేలకు తేమ నిలుపుకునే బలమూ వస్తుంది. తూము తలుపు సరిగా మూసుకుంటుందో లేదో చూడండి. చాలా ఊళ్లలో వృథా అయ్యే నీరు మత్తడి మీదుగా కాదు, బిగుసుకోని తూము గుండానే పోతుంది.

వానల్లో ఒక మనిషి రోజూ కట్ట వెనుక వైపు, దాని అడుగు వెంట నడవాలి. ఒకప్పుడు ఊరి చెరువు నీటిని చూసుకునే నీరటి చేసిన పని ఇది. ఎండ్రకాయలు, ఎలుకలు చేసిన బొరియల నుంచి బొటనవేలంత సన్నగా నీరు కారుతుంటే, ఒక గాజు గ్లాసులో పట్టి వెలుతురులో చూడండి. తేటగా ఉంటే గమనిస్తూ ఉండండి. మట్టి రంగులో ఉంటే నీరు కట్ట లోపలి మట్టిని కోసుకొస్తోందని అర్థం. ఆ పూటే నీటిపారుదల శాఖ వారికి చెప్పాలి, కట్ట కింది ఇళ్లవారిని లేపాలి.

ప్రశ్న: ఎండిపోయిన బోరులోకి చేను మీది వాన నీటిని పైపుతో నేరుగా వదిలితే మళ్లీ పోస్తుందా?

జవాబు: నేరుగా వదలకండి. బురద పగుళ్లలో పేరుకుని వాటిని మూసేస్తుంది, పత్తి చేనుకు కొట్టిన మందు భూగర్భంలో కలుస్తుంది. ఆ నీరే చుట్టుపక్కల ఇళ్ల వారు తాగవచ్చు. బోరుకు ఎగువన, వాన నీరు వచ్చే దారిలో ఇంకుడు గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక నింపండి. నీరు గుంతలోకి చేరే ముందు బురద దిగడానికి మరో చిన్న గుంత ఉండాలి. ఏటా వానల ముందు పై ఇసుకను తీసి కడగాలి, లేకపోతే అది రెండో ఏడాదికే పూడుకుపోతుంది.