టైంటేబుల్ ఉంది, పనే మొదలు కాలేదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డిగ్రీ అయి రెండేళ్లయింది. అనంతపురంలో రూం తీసుకుని గ్రూప్-2కు చదువుతున్నాను. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తాను. లెక్కేస్తే చదివింది రెండు గంటలు కూడా ఉండదు. ఈ ఏడాది నాలుగు టైంటేబుళ్లు మార్చాను, ఒక్కటీ వారం దాటలేదు. నాది ఒట్టి బద్ధకమేనా సార్?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బద్ధకస్తుడైతే హాయిగా పడుకుంటాడు, పన్నెండు గంటలు కుర్చీకి అతుక్కోడు. పుస్తకం తెరవగానే 'ఇంత సిలబస్ ఎప్పటికి అవుతుంది, ఈసారీ రాకపోతే ఇంట్లో మొహం ఎట్లా చూపించాలి' అన్న బెంగ గుచ్చుతుంది. చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, గుచ్చడం ఆగుతుంది. ఆ కాసేపటి ఊరటకే మనసు అలవాటు పడిపోతుంది. ఫ్యూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో వాయిదా గురించి చెప్పింది ఇదే: ఇప్పటి చిరాకు దించుకోవడానికి రేపటి మనిషి నెత్తిన బరువు పెడుతున్నాం. టైంటేబుల్ గీయడం కూడా వాయిదాలో ఒక రకమే. రంగు పెన్నులతో గళ్లు గీస్తున్నంతసేపూ చదివేసినట్టే ఉంటుంది.

కాబట్టి ఐదో టైంటేబుల్ వద్దు. 'రేపు పాలిటీ' అని రాసుకుంటే రేపు కూడా మొదలుకాదు. 'ప్రాథమిక హక్కులు' అన్నా పెద్దదే, రాజ్యాంగంలో 12 నుంచి 35 దాకా అధికరణలున్నాయి. '14 నుంచి 18 వరకు, సమానత్వపు హక్కు' అని రాయండి. అది ఒకసారి కూర్చుంటే తెమిలే పని. పదిహేను నిమిషాలు ఆ ఐదూ చదివి పుస్తకం మూసేయండి. తెల్లకాగితం మీద ఐదు అంకెలూ నిలువుగా వేసి, పక్కన గుర్తున్నది రాయండి. 17 అంటరానితనం, 18 బిరుదులు – ఇవి చప్పున వస్తాయి. 15కూ 16కూ మధ్య తడబాటు వస్తుంది. మొదటిది మతం, కులం, లింగం వంటి కారణాలతో వివక్ష చూపకూడదనేది, రెండోది ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం. తడబడిన చోటికే మళ్లీ పుస్తకం తెరవండి. అంతా కలిపి 25 నిమిషాలు.

ఈ 25 లెక్క ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ వ్యక్తిది. 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో వంటింటి టైమర్ ఒకటి పెట్టుకుని ఈ పద్ధతి మొదలుపెట్టాడు. ఆ టైమర్ టమాటా ఆకారంలో ఉండేది కాబట్టి పద్ధతికి 'పొమొడోరో' అని పేరొచ్చింది, ఇటాలియన్‌లో టమాటా అనే అర్థం. టమాటా పండించే పత్తికొండ వైపు వాళ్లకు గుర్తుపెట్టుకోవడం తేలికే. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. అట్లా నాలుగయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం. బెడిసేది ఆ ఐదు నిమిషాల దగ్గరే. ఒక్క రీల్ చూద్దామని తీస్తే నలభై నిమిషాలు పోతాయి. లేచి నీళ్లు తాగండి, మిద్దెక్కి దిగండి. టైమర్ కోసమని ఫోన్ పక్కన పెట్టుకుంటే చేసిందంతా వృథా, ఒక అలారం గడియారం కొనుక్కోండి. ఫోన్ స్విచ్చాఫ్ చేసి ఇంటి ఓనరమ్మకు ఇవ్వండి, మొహమాటమైతే పెట్టెలో బట్టల అడుగున పెట్టండి. తీసుకోవడానికి రెండు నిమిషాలు కష్టపడాల్సి వస్తే సగం సార్లు తీయరు.

ఇంకో మాట. మే నెలలో మీ ఊళ్లో 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల గదిలో మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా రాజ్యాంగం ఎక్కకపోతే అది మీ తప్పు కాదు. గట్టి సబ్జెక్టులు పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య పెట్టుకోండి. పేపర్ చదవడం, పాత బిట్లు చూడడం మధ్యాహ్నానికి పెట్టుకోండి. మొదటి వారం రోజుకు నాలుగు 25లు మాత్రమే. 'రెండు గంటలు కూడా కాలేదే' అనిపిస్తుంది. ఇప్పుడు చదువుతున్నదీ అంతే కదా, ఇదైతే లెక్కకు దొరుకుతుంది. వారానికి ఒకటి చొప్పున పెంచండి. ఒకేసారి పన్నెండుకు పోతే నాలుగో రోజుకు ఐదో టైంటేబుల్ గీస్తుంటారు.

ప్రశ్న: ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. పండగ ముందు ఎవరు తెచ్చినా కాదనలేను. 'రేపు రాక్కా, ఎల్లుండి రాక్కా' అని తిప్పుకుంటూ ఉంటాను. పట్టు గుడ్డయితే సంచిలోంచి తీయాలంటేనే గుండె దడ. చివరికి రాత్రి రెండు దాకా కూర్చుని కుడతాను. దీనికి దారి చెప్పండి.
– ఒక గృహిణి, కడప

జవాబు: అమ్మా, మీ దగ్గర రెండు చిక్కులు కలిసిపోయాయి. ఒకటి లెక్క, ఒకటి భయం.

లెక్క ముందు చూద్దాం. ఈసారి కుట్టే మూడు లైనింగ్ జాకెట్లకు గడియారం చూసి రాసుకోండి: కత్తిరింపుకు ఎంత, మిషన్ మీద ఎంత, హుక్కులూ చేతికుట్టుకూ ఎంత. గంటన్నర అనుకున్నది మూడు గంటలైతే కంగారుపడకండి, అందరి లెక్కా ఇట్లాగే తప్పుతుంది. డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి ప్లానింగ్ ఫాలసీ అని పేరుపెట్టారు. పని సాఫీగా జరిగినట్టు ఊహించుకుంటాం, పోయినసారి కుక్కర్ కూతకూ పాలవాడి పిలుపుకూ ఎన్నిసార్లు లేచామో మర్చిపోతాం. మీ లెక్క మూడు గంటలు తేలింది, ఇంటిపని పోను నాలుగు గంటలు మిషన్ దగ్గర దొరుకుతాయి అనుకుందాం. అయితే రోజుకు ఒక్కటే. మిగిలిన గంట బిగుతూ వదులూ సరిచేయడానికే పోతుంది. వారానికి ఆరు. ఏడో అక్కకు వచ్చే వారం తేదీ చెప్పాల్సిందే. ఉగాది నాడు దేవుని కడప గుడికి కట్టుకుపోయే చీరదైతే పదిహేను రోజుల ముందే తెమ్మనండి. పేరు, ఇచ్చే తేదీ రాసిన చీటీ ఆమె ముందే గుడ్డకు పిన్నీసుతో గుచ్చండి. ఆమె చూసిన తేదీని 'ఎల్లుండి రాక్కా' అని జరపడం మీకే కష్టమవుతుంది.

ఇక భయం. పట్టు మీద కత్తెర తప్పితే వెనక్కి రాదు, అందుకే చెయ్యి ఆడదు. మరి పట్టును ఆఖరున ముట్టుకునేటట్టు పని వరస మార్చండి. రాత్రి కాటన్ లైనింగ్ గుడ్డను నానబెట్టి ఆరేయండి. తడపకుండా కుడితే మొదటి ఉతుకులోనే లైనింగ్ కుంచించుకుని పైగుడ్డ ముడతలు తేలుతుంది. పొద్దున ఇస్త్రీ చేసి, ఆది జాకెట్ పరిచి లైనింగ్ మీదే గీసి, దాన్నే ముందు కత్తిరించండి. భుజం, చంక చుట్టు, ఛాతీ టేపు పెట్టి ఆది జాకెట్‌తో పోల్చండి. తప్పుంటే ఇక్కడే దొరుకుతుంది, చవక గుడ్డతో పోతుంది. సరిపోయాక ఆ ముక్కలనే పట్టు మీద పరిచి పిన్నులు గుచ్చి కోయండి. ఆ పాటికి భయపడడానికి పెద్దగా ఏమీ మిగలదు.

రాత్రి మిషన్ మూసేముందు రేపటి రంగు దారం ఎక్కించి, బాబిన్ చుట్టి, మొదటి కుట్టు వేయాల్సిన రెండు ముక్కలు సూది కింద పెట్టి లేవండి. హుక్కులు మాత్రం నాలుగైదు జాకెట్లవి పోగేసి సీరియల్ చూస్తూ కుట్టుకోవచ్చు.

ప్రశ్న: హార్డ్‌వేర్ అంగడి ఉంది. జీఎస్టీ బిల్లులన్నీ ఒక అట్టపెట్టెలో వేస్తాను. ప్రతి నెలా 20న ఆడిటర్ దగ్గర పరుగులే. రోజూ సర్దాలనుకుంటాను, కుదరదు.
– ఒక వ్యాపారి, కర్నూలు

జవాబు: 'రోజూ' అన్నది సమయం కాదండీ. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన కిటుకు ఒకటుంది: 'ఫలానా సందర్భం రాగానే ఈ పని చేస్తాను' అని ముందే ముడివేసుకోవాలి. ఆ సందర్భం మీరు ఎట్లాగూ తప్పకుండా చేసే పనైతే తేలిక. మీరు గల్లాపెట్టె లెక్క చూడకుండా ఇంటికి పోరు కదా. 'గల్లా లెక్క అయిన వెంటనే, షట్టర్ సగం దించి, బిల్లులు సర్దుతాను' అని అనుకోండి. కొన్నవి ఒక కవర్, అమ్మినవి ఇంకోటి. అమ్మిన బిల్లు మీద కొన్న వ్యాపారి జీఎస్టీ నంబర్ లేకపోతే అప్పుడే ఫోన్ చేసి రాయించుకోండి, నెలాఖరున వాళ్లు దొరకరు. పది నిమిషాలు చాలు. ఎంట్రీ జోలికి పోకండి, అది ఆడిటర్ పని.

నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు 11, పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీ గడువు 20. 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, వ్యాపారం లేని నెలైతే 20. ఆలస్యంగా కట్టిన పన్నుకు ఏడాదికి 18 శాతం వడ్డీ వేరే. ఇది మీ జేబు సంగతి. జీఎస్టీఆర్-1 దాటిపోతే మాత్రం మీ దగ్గర సరుకు కొన్న కాంట్రాక్టర్‌కు ఆ నెల క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకునే వీలు) కనబడదు, వచ్చే నెల అతను ఇంకో అంగడి చూసుకుంటాడు. క్యాలెండర్‌లో 11, 20లకు బదులు 7, 16 చుట్టూ ఎర్రగీత గీయండి.

ప్రశ్న: మావాడు తొమ్మిదో తరగతి. హోంవర్క్ రాత్రి పదింటికి మొదలుపెడతాడు. ఎంత తిట్టినా మార్పు లేదు.
– ఒక తల్లి, ఆదోని

జవాబు: తిట్టడం ఆపి చూడండి. కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థులను గమనించి 2010లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్లు తిన్న పిల్లాడికి పుస్తకం చూస్తే తిట్లే గుర్తొస్తాయి. 'హోంవర్క్ అయిందా' అనకండి. బడి నుంచి వచ్చి ఏదైనా తిన్నాక 'ఈరోజు మొదటి లెక్క ఏది, చూపించు' అనండి. ఆ ఒక్కటీ పక్కన కూర్చుని మొదలుపెట్టించి లేచి రండి.

ప్రశ్న: రెండు నెలలుగా ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. ఇష్టంగా చేసేవి కూడా. నిద్ర సరిగా పట్టదు. ఇదీ వాయిదా అలవాటేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: కాకపోవచ్చు. వాయిదా వేసేవాళ్లు బరువైన పనిని తప్పించుకుని ఇష్టమైన పనికి పోతారు. ఇష్టమైనదీ రుచించక, నిద్ర చెడి, రెండు వారాలు దాటితే డిప్రెషన్ ఉందేమో డాక్టర్‌కు చూపించుకోవాలి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా రాయించుకోండి, ఆ రెండూ ఇట్లాగే మనిషిని పడేస్తాయి. అంతలోపల మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. రాత్రయినా పగలైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.