నల్లగొండ పిన్ కోడ్ ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న: మా పిన్ కోడ్ 508001. 2, 3, 5, 7, 11లలో దేనితోనూ భాగం పోలేదు కాబట్టి ఇది ప్రధాన సంఖ్యేనని మా అబ్బాయి వాదిస్తున్నాడు. అంకెలు కూడితే 14, మళ్లీ కూడితే 5 వస్తుంది గనుక మంచి సంఖ్య అని పొరుగువారు అంటున్నారు. గణితం ప్రకారం ఇది ఏ రకం సంఖ్య?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: మీ అబ్బాయి 11 దగ్గర ఆగకుండా 13తో కూడా భాగించి చూసి ఉంటే వాదన అక్కడికక్కడే తేలిపోయేది. 7, 11, 13ల లబ్ధం 1001 కాబట్టి, ఆరంకెల సంఖ్యను మధ్యకు విరిచి, రెండు భాగాల భేదాన్ని ఈ మూడింటిలో ఏది నిశ్శేషంగా భాగిస్తుందో అదే అసలు సంఖ్యనూ భాగిస్తుంది. 1972 ఆగస్టు 15న మొదలైన పిన్ విధానంలోనూ మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లాను, చివరి మూడు బట్వాడా చేసే తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి గనుక విరుపు సరిగ్గా అక్కడే పడుతుంది. 508 నుంచి 1 తీసివేస్తే 507. అది 13 × 39. ఆపై 508001ని 13తో భాగిస్తే వచ్చే 39077ను 23 భాగిస్తుంది, భాగఫలం 1699. దీన్ని 41 వరకు ఉన్న ఏ ప్రధాన సంఖ్యా భాగించదు. 43 వర్గమేమో 1849, అంటే 1699ని దాటిపోయింది. కాబట్టి 1699 ప్రధాన సంఖ్య.

508001 = 13 × 23 × 1699 అని తేలాక మిగిలిన వర్గీకరణ అంతా దీని నుంచే వస్తుంది. మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి ఇది స్ఫెనిక్ సంఖ్య, కారణాంకాలు ఎనిమిది. తనను మినహాయించి మిగిలిన కారణాంకాల మొత్తం 63199 మాత్రమే గనుక న్యూన సంఖ్య కూడా.

దీన్ని 4తో భాగిస్తే శేషం 1. నిజంగా ప్రధాన సంఖ్యే అయి ఉంటే, ఫెర్మా చెప్పి ఆయిలర్ నిరూపించిన సిద్ధాంతం ప్రకారం దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయగలిగేవాళ్లం. కానీ 4తో భాగిస్తే 3 శేషం వచ్చే 23, 1699 ఇందులో ఒక్కొక్కసారే ఉన్నందున అది అసాధ్యం. వర్గాల భేదంగా మాత్రం చక్కగా రాయవచ్చు, ఈ సంఖ్యలో నాకు బాగా నచ్చిన గుణం ఇదే: 13 × 23 = 299; 299, 1699ల సగటు 999, వాటి భేదంలో సగం 700. అంటే 508001 = 999² − 700². 998001 నుంచి 490000 తీసివేసి చూసుకోండి.

ఇక అంకెల మొత్తం 5 కావడం వల్ల తెలిసేది, 9తో భాగిస్తే శేషం 5 వస్తుందన్న ఒక్క విషయమే.

ప్రశ్న: మా 509001 సంగతి ఏమిటి?
– ఒక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: అంకెల మొత్తం 15, కాబట్టి 3 భాగిస్తుంది: 3 × 169667. ఈ రెండోది ప్రధాన సంఖ్య గనుక మీ పిన్ కోడ్ రెండే ప్రధాన సంఖ్యల లబ్ధం, కారణాంకాలు నాలుగే. 169667 ప్రధాన సంఖ్య అని చేతితో నిర్ధారించాలంటే 409 వరకు ఉన్న 80 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. 509లో 1 తీసివేస్తే వచ్చే 508ని 7, 11, 13లలో ఏదీ భాగించదు కాబట్టి, ఆ మూడు భాగహారాలు మీకు తప్పినట్టే.