జిరాక్స్ కొట్టు మానిటర్ బాగుచేసిన పిల్లవాడు ఏమి చదవాలి?

ప్రశ్న: కందుకూరులో మాకు చిన్న జిరాక్స్ కొట్టు ఉంది. మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. కొట్టులోని మానిటర్ లైటు మిణుకుమిణుకుమంటూ తెర రావడం మానేస్తే, మెకానిక్ చూసి బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. మావాడు దాన్ని విప్పి, ఒంగోలు నుంచి రెండు కెపాసిటర్లు తెప్పించి మార్చాడు. నెల రోజులుగా బాగానే పనిచేస్తోంది. ఇప్పుడు అటక మీది పాత డబ్బా మానిటర్ దించి విప్పుతానంటున్నాడు. పది కాగానే పాలిటెక్నిక్‌లో చేరతానంటాడు. వాళ్ల నాన్న మాత్రం నెల్లూరులో హాస్టల్లో ఉంచి ఎంపీసీ చదివించాలంటున్నారు. రిపేర్లు నమ్ముకుని వీడు బతకగలడా?

జవాబు: అమ్మా, చదువు సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ డబ్బా మానిటర్‌ను మళ్లీ అటక ఎక్కించండి. రంగుల మానిటర్ అయితే దాని గాజు గొట్టానికి ఇరవై వేల వోల్టులకు పైగా అందుతుంది. ప్లగ్ పీకేసినా ఆ విద్యుత్తు కొంత గొట్టంలో నిలిచే ఉంటుంది. లోపల గాలి లేని గొట్టం కాబట్టి దెబ్బ తగిలి పగిలితే గాజు పెంకులు ఎగిరిపడవచ్చు. పదో తరగతి పిల్లవాడు ఒంటరిగా చేయి పెట్టవలసిన వస్తువు కాదది.

పలచని మానిటర్ మాత్రం ప్రమాదం లేనిదని అనుకోకండి. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల కరెంటు దాని పవర్ బోర్డులో డీసీగా మారి, కరెంటును కాసేపు నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులుగా నిలుస్తుంది. ప్లగ్ తీసిన వెంటనే అది ఖాళీ కాకపోవచ్చు. మీ అబ్బాయిని కూర్చోబెట్టి అడగండి: 'విప్పే ముందు ఎంతసేపు ఆగావు? ఆ పెద్ద కెపాసిటర్ మీద వోల్టేజి మీటరుతో చూశావా?' వాడు తెలిసి చేశాడో, తెలియక తప్పించుకున్నాడో ఆ జవాబులో బయటపడుతుంది. రెండోదే అయితే, తెలిసినవారి దగ్గర నేర్చుకునేదాకా స్క్రూడ్రైవర్ మీ గల్లాపెట్టెలో ఉండాలి.

ఇక వాడు చేసిన పని సంగతి. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది. 'బోర్డు పోయింది' అనడానికి పెద్ద తెలివి అక్కరలేదు. బోర్డులో ఏది పోయిందో చెప్పడమే విద్య. పాత మానిటర్లలో లైటు మిణుకుమిణుకుమనడం, తెర రాకపోవడం తరచుగా పవర్ బోర్డులోని చిన్న కెపాసిటర్లు ఉబ్బడం వల్లే జరుగుతాయి. పైభాగం చదునుగా ఉండవలసింది పూరీలా పొంగుతుంది. అక్కడిదాకా ఎవరైనా కంటితో చూసి పట్టేస్తారు. ఎందుకు ఉబ్బింది అన్నదే నేను మీ అబ్బాయి నోట వినాలనుకునే మాట. లోపలి ద్రవం వేడికి క్రమంగా ఆరిపోతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఈ పని చేసేవారు లెక్క వేసుకుంటారు. మన మే నెల ఎండలు, పైన రేకుల కప్పు, పక్కనే జిరాక్స్ మిషను వేడి కలిస్తే ఇక చెప్పాలా! అందుకే 105 డిగ్రీలని రాసి ఉన్నదాని స్థానంలో 85 డిగ్రీలది వేస్తే మళ్లీ తొందరగానే పోతుంది. కెపాసిటర్ సామర్థ్యం చెప్పే మైక్రోఫారడ్‌లు అంతే ఉండాలి. వోల్టులు ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ కాకూడదు. చార ఉన్న వైపు మైనస్. వీటిలో వాడు ఏవి చూసి కొన్నాడో అడగండి. వీడియో చూసి చేశానంటే కోప్పడకండి, ఇప్పుడు అందరూ అలాగే మొదలుపెడుతున్నారు. కానీ 'ఎందుకు' అన్న ప్రశ్న వాడికి తట్టిందా లేదా అన్నది నాకు మార్కుల కన్నా ముఖ్యం.

ఇంకో పరీక్ష పెట్టండి. చీకటి తెర మీద టార్చి వేసి ఏటవాలుగా చూస్తే అక్షరాలు లీలగా కనబడితే ఏమని అర్థం? బొమ్మ వస్తోంది, వెనకనుంచి వెలుగునిచ్చే భాగమే పోయింది. తెరంతా నిలువు గీతలు పడితే? కేబుల్ మార్చి చూసినా అలాగే ఉంటే చాలాసార్లు ప్యానెల్, అంటే బొమ్మ చూపే తెర పలక దగ్గరి లోపమే. ఇంట్లో దాన్ని సరిచేయడం కష్టం, డబ్బు పెట్టడం దండుగ. ఎక్కడ చేతులెత్తేయాలో తెలిసినవాడిని నేను ఎక్కువగా నమ్ముతాను.

మీ అసలు భయానికి వస్తాను. మానిటర్ల మరమ్మతు ఒక్కటే నమ్ముకుని బతకమని నేను చెప్పను. చాలామంది కొత్తది కొనడానికే మొగ్గుతున్నారు. అయితే లోపం ఎక్కడుందో వెతికి పట్టే చేయి మానిటర్ దగ్గరే ఆగదు. తీరంలో రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల స్టార్టర్ ప్యానెళ్లు, కృష్ణపట్నం ఓడరేవులో, థర్మల్ కేంద్రంలో నియంత్రణ పరికరాలు, ఆసుపత్రుల యంత్రాలు, ఊరూరా సీసీ కెమెరాలు, ఇన్వర్టర్లు, అన్నిటికీ ఈ పనివారు కావాలి. శ్రీహరికోట 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా మనకు దూరమేమీ కాలేదు. ఇస్రో టెక్నీషియన్ ఉద్యోగాలకు పదో తరగతితో పాటు ఐటీఐ, టెక్నికల్ అసిస్టెంట్ ఉద్యోగాలకు ప్రథమ శ్రేణి డిప్లొమా అడుగుతారు.

మీ వారికి ఈ ఒక్క లెక్క చూపించండి. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. డిప్లొమా మూడేళ్లు, ఆపై డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరితే మరో మూడేళ్లు, అదీ ఆరే. ఇంజినీరు కావాలన్న ఆయన కోరిక పాలిటెక్నిక్ వల్ల చెడిపోదు. మధ్యలో ఆగవలసి వచ్చినా చేతిలో డిప్లొమా ఉంటుంది. ఒట్టి ఇంటర్‌తో ఆగిన పిల్లవాడికి ఆ ఊతం లేదు. ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ రెండేళ్ల కోర్సు కూడా మంచిదే, కానీ లెక్కలు భయపెట్టని పిల్లవాడయితే ముందు డిప్లొమా వైపే చూడమంటాను.

ఇక్కడే ఒక మెలిక ఉంది. డిప్లొమాలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) అంటే సాల్డరింగ్ ఐరన్ పట్టుకోవడమే అనుకుని చేరి, మొదటి ఏడాది గణితంలో తప్పి ఇల్లు చేరిన పిల్లలను నేను చూశాను. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ 120 మార్కుల్లో 50 గణితానివే, భౌతికశాస్త్రానికి 40, రసాయనశాస్త్రానికి 30. వాడికి లెక్కల్లో ఎన్ని వస్తున్నాయో మీరు రాయలేదు. సగానికి తక్కువ వస్తుంటే ఈ సంవత్సరం మరమ్మతులు ఆదివారానికి పరిమితం చేసి, సాయంత్రాలు లెక్కలకు ఇవ్వమనండి.

మరొకటి. మెకానిక్ చేసి ఉంటే ఎంత తీసుకునేవాడో అంత ఇప్పుడు మీ అబ్బాయికి ఇచ్చారా? ఇవ్వకపోతే ఇవ్వండి. ఆ డబ్బుతో ముందు ఒక మంచి మల్టీమీటర్, ఒక నోటుపుస్తకం కొనుక్కోమనండి. విప్పిన ప్రతి వస్తువుకూ ఒక పేజీ కేటాయించి లక్షణం ఏమిటి, ఏమని అనుకున్నాడు, మీటరు ఏమి చూపింది, చివరకు ఏమి తేలింది రాయాలి. బాగుపడనివి కూడా రాయాలి. పది పరీక్షలు అయ్యాక ఆ పుస్తకం నకలు తీసి నాకు పంపండి, జిరాక్స్ ఎలాగూ మీ కొట్టులోనే కదా.